ప్రేమ సీనుకి సౌండు తీసేస్తే

"సినిమాలు చూసి పిల్లలు పాడైపోతున్నారు" అనేవాళ్ళు ఆ వెంటనే ఇంకో మాట కలుపుతారు: "అది సినిమా అని వీళ్ళకి తెలీదా?" తెలుసు. పదహారేళ్ళ కుర్రాడికి కూడా శుభ్రంగా తెలుసు. హీరో ఒక్క గుద్దుతో పదిమందిని ఎగరగొట్టడం ఎంత నిజమో, హీరోయిన్ మూడో పాటకల్లా మనసు మార్చుకోవడమూ అంతే నిజమని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కు నమ్మకంలో లేదు. ఒక అమ్మాయి నచ్చింది, రేపు పొద్దున్న బస్టాండులో ఎదురుపడుతుంది, ఏం మాట్లాడాలి? ఇంట్లో ఆ ఊసే ఎత్తరు, బళ్ళో అంతకన్నా ఎత్తరు. బుర్రలో ఉన్నవి వందలకొద్దీ సీన్లు. చేతికి ఏది తగిలితే అది బయటికి తీస్తాడు.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఇది ఇంకాస్త ముదిరిన వ్యవహారం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా లేదా ఇంగ్లీషు, ఫోనులో హిందీ. తెలుగు గలగలా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని పిల్లలు మన దగ్గర బోలెడుమంది. కథో నవలో చేతబట్టని పిల్లకి ప్రేమ గురించిన తెలుగు ఎక్కణ్ణుంచి రావాలి? పాటల్లోంచి, డైలాగుల్లోంచి. అదే సీను తెలుగులో థియేటర్లో చూస్తారు, హిందీ డబ్బింగులో యూట్యూబులో చూస్తారు, ఒడియా రీమేకు వస్తే అందులోనూ చూస్తారు. మూడు భాషల్లో ఒకటే వరస కనిపించేసరికి లోకం తీరే ఇంత కాబోలు అనిపిస్తుంది. టీవీ ఎక్కువ చూసేవాళ్ళకి టీవీలో పదేపదే కనిపించేదే మామూలు సంగతిగా తోస్తుందని జార్జ్ గెర్బ్నర్ అనే అమెరికా ఆచార్యుడు 1960ల చివరి నుంచీ చెబుతూ వచ్చాడు. ఆయన చెప్పింది ముఖ్యంగా హింస గురించే గానీ, ప్రేమకీ ఆ లెక్క సరిపోతుంది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకోటుంది. మన కళింగాంధ్ర యాసని సినిమాలు దశాబ్దాల తరబడి పనివాడికి, కామెడీ పాత్రకి అప్పగించాయి. ఆ యాసలో హీరో ప్రేమించిన పాపాన పోలేదు. ఈమధ్య కొన్ని సినిమాలు వచ్చి కాస్త మార్చాయి, కానీ చెవికి పడ్డ అలవాటు అంత తొందరగా పోదు. "ఏటి సేస్తన్నావ్" అని స్నేహితుణ్ణి పలకరించే కుర్రాడు, నచ్చిన అమ్మాయి ముందుకి రాగానే గొంతు సవరించుకుని డబ్బింగు థియేటర్లో నిలబడ్డట్టు మాట్లాడతాడు. ఆమెకి నవ్వొస్తుంది, వీడికి తల కొట్టేసినట్టవుతుంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోట్లాడింది పర్లాకిమిడి నుంచే. ఆ ఊరి పిల్లలు సొంత మాటలో "నువ్వు నాకు నచ్చావు" అనడానికి నామోషీ పడుతున్నారంటే పంతులుగారు ఏమనేవారో!

ఉపన్యాసాలతో ఇది వదిలేది కాదు. కాలేజీ, హాస్టలు, యువజన సంఘం, గ్రంథాలయం, ఎక్కడైనా గంటన్నరలో చేయగల పని ఒకటుంది: ఒక్క ప్రేమ సీను తీసుకుని ముక్కముక్కగా విప్పడం. పన్నెండు నుంచి పదహారు మంది చాలు. ఇరవై దాటితే వెనక వరస ఫోన్లలోకి వెళ్ళిపోతుంది. పద్దెనిమిది నిండనివాళ్ళని, నిండినవాళ్ళని కలిపి కూర్చోబెట్టొద్దు, వాళ్ళ ప్రశ్నలూ వేరు, వర్తించే చట్టమూ వేరు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఉంటే మొదటి ఇరవై నిమిషాలు విడివిడిగా, తర్వాత కలిపి. ప్రొజెక్టరు ఉంటే మంచిది, లేకపోతే లాప్‌టాప్. ఒక ఫోను చుట్టూ పన్నెండు తలకాయలు చేరితే చూసేదేమీ ఉండదు.

సీను ఎంపికలోనే సగం పని ఉంది. మూడు నుంచి ఐదు నిమిషాలు మించకూడదు. అబ్బాయి మొదటిసారి వెంటపడేది, లేదా అమ్మాయి మొదటిసారి కాదన్నది తీసుకోండి. గదిలో ఎవరికైనా అభిమాన హీరో అయినవాడి సినిమా మాత్రం వద్దు. పోస్టరుకి పాలాభిషేకం చేసినవాడు మీ ఎదుట కూర్చుంటే ఆ గంటన్నర ఫ్యాన్ల గొడవకే సరిపోతుంది. పాతికేళ్ళ కిందటి హీరో అయితే ఎవరికీ పట్టింపు ఉండదు.

సీను వేసే ముందు అందరికీ ఒక్కో చీటీ, ఒకే రంగు పెన్నూ ఇవ్వండి. "నచ్చిన మనిషికి మొట్టమొదట పంపే మెసేజు ఏమిటి?" పేరు రాయక్కర్లేదు, ఏ లిపిలో రాసినా ఫర్వాలేదు. మడిచి డబ్బాలో వేయించి పక్కన పెట్టేయండి. దాని పని చివర్లో.

ఇక సీను మూడుసార్లు. మొదటిసారి మామూలుగా, నవ్వుకుంటారు, ఈలలేస్తారు, వేయనివ్వండి. రెండోసారి సౌండు పూర్తిగా తీసేయండి. ఇక్కడ గది మారిపోతుంది. ఒక మామూలు సీను అనుకుందాం: అమ్మాయి బస్సు దిగింది, పుస్తకాలు గుండెకి ఆనించుకుని నడుస్తోంది. వెనక హీరో, అతని వెనక ఇద్దరు స్నేహితులు. ఆమె నడక వేగం పెంచింది. ఒకసారి వెనక్కి తిరిగి ఏదో అంది. స్నేహితులు చప్పట్లు కొట్టారు. ఆమె సందు మలుపు తిరిగింది, వీళ్ళూ తిరిగారు. సంగీతం ఉన్నప్పుడు ఇది అల్లరి. సంగీతం లేనప్పుడు ముగ్గురు మగవాళ్ళు ఒంటరి ఆడపిల్ల వెనక నడుస్తున్నారు, ఆమె భుజాలు బిగుసుకుని ఉన్నాయి. మొదటిసారి ఆ భుజాలు ఎవరికీ కనపడవు, వయొలిన్లు కప్పేస్తాయి. కావాలంటే ఇంకో ఫోనులో దెయ్యాల సినిమా నేపథ్య సంగీతం పెట్టి అవే బొమ్మలు మళ్ళీ నడిపించండి. ఏ వ్యాఖ్యానమూ అవసరం ఉండదు.

మూడోసారి ఆపుతూ ఆపుతూ. ఒక్కొక్కరికి నాలుగు గళ్ళు గీసిన కాగితం ఇవ్వాలి. ఎవరు అడిగారు? ఏం జవాబొచ్చింది? కథలో ఎన్నాళ్ళు గడిచింది? ఖర్చు ఎవరిది? మూడో గడి దగ్గర ఎక్కువసేపు ఆగండి. నాలుగు నిమిషాల పాట, మూడు సెకన్లకో షాటు అనుకుంటే ఎనభై షాట్లు. అందులో ఎండాకాలం, వానాకాలం, రెండు ఊళ్ళు, పది జతల బట్టలు. ఎడిటింగ్ టేబుల్ మీద కత్తిరించి పారేసింది ఏమిటో అడగండి: ఫోను ఎత్తని రోజులు, జ్వరాలు, సెమిస్టరు పరీక్షలు, చెప్పుకోవడానికి ఏమీ లేక ఊరికే కూర్చున్న సాయంత్రాలు. అసలు సంబంధం అంటే ఎక్కువ భాగం అదే. సినిమా మనిషిని గురించి కన్నా కాలాన్ని గురించి పెద్ద అబద్ధం ఆడుతుందని నా లెక్క. అందమైన మొహం దొరకదని పిల్లలు సులువుగానే సర్దుకుంటారు. మూడు నెలలైనా ఏ మలుపూ రాకపోతే మాత్రం ప్రేమే లేదేమో అనుకుని కంగారు పడతారు.

రెండో గడిలో ఇంకో కిటుకు ఉంది. ఆమె "కాదు" అన్న నిమిషం రాయించండి, తర్వాత "అవును" అన్న నిమిషం రాయించండి. మధ్యలో ఆమె మనసు దేనివల్ల మారిందో చూస్తే, మాట్లాడుకోవడం వల్ల మారడం చాలా అరుదు. రౌడీల గొడవ, యాక్సిడెంటు, హీరో తల్లి చావు, వానలో రాత్రంతా నిలబడటం. అంటే ఏదో ఒక సంఘటన జరగాలి. మన ఊళ్ళలో కుర్రాళ్ళు చెయ్యి కోసుకోవడం, నీళ్ళ ట్యాంకు ఎక్కడం, ఇంటి ముందు నిరాహారంగా కూర్చోవడం ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇక్కడ తెలుస్తుంది. వాళ్ళూ ఒక సంఘటన తయారు చేస్తున్నారు. ఫలితం దక్కిన పనినే జనం అనుకరిస్తారని ఆల్బర్ట్ బందూరా 1960ల్లోనే పిల్లల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. సినిమాలో ట్యాంకు ఎక్కినవాడికి ఫలితం దక్కుతుంది మరి. మాటల మధ్య ఎవరైనా "నేనూ అలా చేసుకోబోయాను" అన్నట్టు కనిపిస్తే అందరి ముందూ తవ్వొద్దు. తర్వాత విడిగా మాట్లాడి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ 14416కి దగ్గరుండి ఫోను చేయించండి. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు.

ఇప్పుడు డబ్బా తెరిచి చీటీలు చదవండి. చేతిరాత పట్టుకోకుండా మీరే చదవాలి. చాలా చీటీల్లో ఉన్న వాక్యం ఏ పాటలోదో, ఏ రీల్లోదో వాళ్ళే అరిచి చెప్పేస్తారు. ఇంకో చీటీ ఇచ్చి మళ్ళీ రాయించండి, ఈసారి రెండు షరతులు: ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయాలి, అవతలివాళ్ళు కాదనడానికి చోటు వదలాలి. "నీతో మాటాడితే బాగుంటాది. ఆదివారం టీ తాగుదామా? ఇష్టం లేకపోతే చెప్పీ, ఏటనుకోను." ఇంత వచ్చినా చాలు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, నడిపించేవాళ్ళ దగ్గరే. హీరోయిన్ బట్టల గురించి పెద్దవాళ్ళు ఒక్క మాట అంటే ఆడపిల్లలు అక్కడితో నోరు మూసుకుంటారు, మళ్ళీ తెరవరు. "ఇది తప్పా ఒప్పా?" అని అడిగితే మీరు కోరుకున్న జవాబే వస్తుంది, మార్కుల కోసం చెప్పినట్టు. "తర్వాత ఆమె ఇంటికెళ్ళి ఏం చేసుంటుంది?" అని అడగండి. "తలుపు గడియ పెట్టుకుని ఉంటాది", "అన్నకి చెప్దామా వద్దా అని ఆలోచిస్తాది", "రేపట్నుంచి వేరే బస్సు ఎక్కుతాది" అంటారు. ఆడపిల్లలకి ఈ జవాబులు వెతుక్కునే పని ఉండదు. మగపిల్లలకి అవి కొత్త.

కాదన్న తర్వాత ఏమవుతుందో చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, భయపెట్టినట్టు కాకుండా. 2013లో స్టాకింగును విడి నేరంగా ఐపీసీలో చేర్చారు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్. ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా ఆడమనిషి వెంటపడటం, పదేపదే పలకరించబోవడం, ఆమె నెట్టు వాడకం మీద కన్నేసి ఉంచడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. మొదటిసారి మూడేళ్ళ వరకు జైలు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు, జరిమానా అదనం. కొత్త నంబర్ల నుంచి మెసేజులు పెట్టడం "ప్రయత్నం" కాదు, కేసు. పద్దెనిమిది నిండని అమ్మాయితో లైంగిక సంబంధం అయితే ఆమె ఒప్పుకున్నా చట్టం దాన్ని ఒప్పుకోలుగా లెక్కపెట్టదు, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో వర్తిస్తుంది. లేచిపోయే సీను చూసి బండెక్కించుకుంటే పైన కిడ్నాపు కేసు కూడా.

ఫోటోల సంగతి. ఇష్టపడి దిగిన ఫోటో అయినా, ఇష్టపడి పంపిన ఫోటో అయినా, ఇంకొకరికి పంపడానికి ఒప్పుకోలు విడిగా ఉండాలి. బెదిరింపు వస్తే డబ్బు కట్టొద్దు, చాటింగు చెరపొద్దు. స్క్రీన్‌షాట్లు తీసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆడవాళ్ళ, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టొచ్చు, పేరు చెప్పకుండా కూడా. పద్దెనిమిది దాటినవాళ్ళకి స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫోటో మన ఫోను దాటి వెళ్ళదు, దాని గుర్తు మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకి వెళ్ళి, ఆ బొమ్మ పైకెక్కకుండా ఆపుతుంది. "పాస్‌వర్డు ఇస్తేనే ప్రేమ" అనే రీల్స్ చూసి ఫోన్లు మార్చుకునే జంటలకి ఈ పేరా రెండుసార్లు చదివి వినిపించాలి.

ఇప్పుడు మన సరిహద్దుకే ప్రత్యేకమైన ముడి. తెలుగు అబ్బాయి, ఒడియా అమ్మాయి, లేదా అటుది ఇటు. సినిమా దీనికి చూపించిన దారులు రెండే. 1978లో మరోచరిత్రలో తమిళ కుర్రాడు, తెలుగమ్మాయి, ఏడాది ఎడబాటు షరతు, చివరికి ఇద్దరి చావు. 1981లో దాన్నే హిందీలో తీసినా ముగింపు మారలేదు. రెండో దారి, క్లైమాక్సులో పెద్దవాళ్ళు ఏడ్చి ఒప్పుకోవడం. బరంపురంలో, రాయగడలో రెండు భాషల ఇళ్ళు చావకుండా, ఏడవకుండా, బడి ఫీజులు కట్టుకుంటూ తరాలుగా నడుస్తున్నాయి. వాటి మీద సినిమా రాదు, ఎందుకంటే వాళ్ళ గొడవలు ఇలా ఉంటాయి: పిల్లల్ని ఏ మీడియంలో వేయాలి, సావిత్రి అమావాస్య చేయాలా వరలక్ష్మీ వ్రతం చేయాలా రెండూనా, మార్గశిరం గురువారాల్లో వంటింట్లో ఎవరి పద్ధతి, ఎండాకాలం పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం) తినని అల్లుడితో ఏం చేయాలి. బావామరదళ్ళ సరసం కూడా చూసుకోవాలి. మనకి మేనరికం ఉంది కాబట్టి సినిమా పాట విని "మరదలా" అని ఆటపట్టించడం వేళాకోళం. ఒడియా ఇళ్ళలో మేనత్త, మేనమామ బిడ్డలు తోబుట్టువుల లెక్క. అర్థం తెలిసిన అమ్మాయికి ఆ పిలుపు ఒళ్ళు జలదరించేలా ఉంటుంది.

రిజిస్ట్రారు ఆఫీసు సీను మరో ఘోరం. పొద్దున్న పారిపోయి, పదకొండింటికి స్నేహితుల సంతకాలు, పన్నెండింటికి దండలు. నిజంలో, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసరుకి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. ఆ లోపల అభ్యంతరం ఎవరైనా చెప్పొచ్చు గానీ, వయసు చాలకపోవడం, ముందే పెళ్ళై ఉండటం, మానసిక స్థితి సరిగా లేకపోవడం, దగ్గరి రక్తసంబంధం లాంటివే చెల్లుతాయి. "మాకు ఇష్టం లేదు" అన్నది అభ్యంతరం కాదు. ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికి. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం కింద ఈ నోటీసు గొడవ లేదు, ఇద్దరిలో ఎవరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి చేసుకుని నమోదు చేయించుకోవచ్చు. అయితే ఆచారం నిజంగా జరగాలి. తంతు లేకుండా సర్టిఫికెట్టు మాత్రం తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఏ దారిలోనైనా అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి.

రీల్స్ గురించి కొంచెం. 2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆగింది, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. సినిమా హీరో మనవాడు కాడని తెలుసు, రీల్‌లో జంట మాత్రం పక్క వీధివాళ్ళలా ఉంటారు. అందుకే ఎక్కువ తగులుతుంది. ఫిబ్రవరి 7న గులాబీ నుంచి 14 దాకా రోజుకో కానుక అనే పద్ధతి మన ఊళ్ళలో ఇంత పాకిందంటే ఈ ఫోన్ల వల్లే. ఆ కానుకల వీడియో కింద "పెయిడ్ పార్ట్‌నర్‌షిప్" అనో "యాడ్" అనో ఉందేమో చూడమనండి. డబ్బు పుచ్చుకుని చేసిన వీడియోకి అలా రాసి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది.

విడిపోయినవాళ్ళకి రీల్స్ చేసే చెరుపు ఇంకోరకం. ఏడుపు పాట ఒకటి చివరిదాకా చూస్తారు. లైకు కొట్టకపోయినా, చూసినసేపు లెక్కలోకి వస్తుంది. ఇంకో పది వస్తాయి. వారానికల్లా ఫోను తెరిస్తే అన్నీ మోసపోయిన గుండెలే, ఆడవాళ్ళంతా ఇంతే, మగవాళ్ళంతా ఇంతే. ఇది ఆపడానికి ప్రొఫైల్‌లో మూడు గీతల మీద నొక్కి, కంటెంట్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి, రీసెట్ సజెస్టెడ్ కంటెంట్ కొట్టాలి. ఒకసారి కొడితే వెనక్కి రాదు. ఫాలో అవుతున్న ఖాతాలు మాత్రం అలాగే ఉంటాయి, వాటిని చేత్తో తీసేయాలి. తర్వాత రెండు వారాలు అలాంటిది ఏదొచ్చినా చివరిదాకా చూడకుండా, నాట్ ఇంట్రెస్టెడ్ నొక్కి దాటేయాలి. యూట్యూబుకైతే వాచ్ హిస్టరీ చెరిపి, ఆ చానల్ దగ్గర డోంట్ రికమెండ్ చానల్ కొట్టాలి. రీసెట్ కొట్టిన రాత్రే పాత పాట వెతికి వింటే మొత్తం మళ్ళీ మొదలు. ఎక్కువమంది దగ్గర ఫలితం లేకపోవడానికి కారణం అదే.

గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళిన కుర్రాళ్ళది వేరే తంటా. పన్నెండు గంటల డ్యూటీ, చెవులు దిమ్మెక్కే రొద, ఫోను లాకరులో. ఇక్కడ అమ్మాయికి వాట్సాప్‌లో రెండు బూడిదరంగు టిక్కులే కనిపిస్తాయి, జవాబు రాదు. ప్రేమ ఉంటే క్షణాల్లో జవాబొస్తుందని రీల్స్ చెప్పి ఉన్నాయి. రోజుకి రెండు వేళలు ముందే ఖాయం చేసుకోవడం, షిఫ్టు మారిన వారం ఆ వేళలు మళ్ళీ చెప్పుకోవడం, బ్లూ టిక్కులు, లాస్ట్ సీన్ ఇద్దరూ ఆపేసుకోవడం, ఈ మూడింటితో సగం గొడవలు తగ్గుతాయి. మిగతా సగం డబ్బు గురించి. ఇంటికి ఎంత పంపాలో, తమకి ఎంత దాచుకోవాలో ఏ పాటలోనూ ఉండదు.

తల్లిదండ్రుల్ని పిల్లలతో కలిపి కూర్చోబెట్టకండి. వాళ్ళకి వేరే రోజు పెట్టండి, సినిమా సీను వద్దు, రాత్రి ఎనిమిదింటికి వాళ్ళు చూసే సీరియల్లోంచి ఒక ముక్క తీయండి. కోడలి ఫోను అత్త చాటుగా చూసేది దొరుకుతుంది, వెతకక్కర్లేదు. సౌండు తీసి ఒకసారి, ఉంచి ఒకసారి, అవే నాలుగు గళ్ళ కాగితాలు. ఖర్చు గడి బదులు "ఎవరు ఎవర్ని నేరుగా అడగలేదు?" అని మార్చుకోండి. పెన్నులు ఎక్కువ తీసుకెళ్ళండి, రాయడం మొదలుపెడితే వాళ్ళు ఆపరు.